రైస్ మిల్లులో కంప్యూటర్ల బండలాగుడు

చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి అడుగుపెట్టిన తరం మాది. మా ప్రాంతంలో ఆ మర్యాద గుడికీ, పురిటి గదికీ, కంప్యూటర్‌కూ మాత్రమే దక్కేది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు జేబులో వేసుకుని తిరిగే ఫోన్‌లో ఎనిమిది ప్రాసెసర్లు ఉన్నాయట. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, తెలిసినా దాన్ని పట్టుకుని మరుగుదొడ్డిలోకి వెళ్ళడం మానరు. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, సూర్యాపేటలో రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ వచ్చిందంటే రెండు తలల దూడ పుట్టినట్టు జనం చూడటానికి వచ్చేవాళ్ళు. (ఊరికే అనడం లేదు, నిజంగానే వచ్చారు. ఒకాయన కొబ్బరికాయ తెచ్చాడు. గదిలో నీళ్ళు చిందకూడదని బయట మెట్ల మీదే కొట్టించాం.) ఆ రెండు తలల దూడకు మేత వేసి, నీళ్ళు పెట్టి, చివరికి దాన్ని తీసుకుపోయి పదిమందిలో పరుగు పెట్టించిన బాధ్యత నాది. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా కంప్యూటర్ సెంటర్ బస్టాండుకు దగ్గరలో ఒక బట్టల దుకాణం మీద ఉండేది. దాని యజమాని కోదాడ మనిషి. అన్నదమ్ములతో కలిసి నడుపుతున్న ఎరువుల దుకాణంలో వాటా వదులుకుని, భవిష్యత్తంతా కంప్యూటర్లదేనని నమ్మి సూర్యాపేట వచ్చాడు. మేమంతా ఆయనకు తొందర సారు అని పేరు పెట్టాం. టీ చెప్పినా, బస్సెక్కినా, పెళ్ళిలో పురోహితుడు మంత్రం మొదలుపెట్టినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న, "ఇంకా ఎంతసేపు?" అని. నేనేమో నడిగూడెంలో గొర్రెల కాపరి బిడ్డను. కోదాడలో బీఎస్సీ చదివి, రోజూ బస్సులో సూర్యాపేట వచ్చి పొద్దున పిల్లలకు కీబోర్డు నేర్పేదాన్ని, మధ్యాహ్నం ప్రోగ్రాములు రాసేదాన్ని. రాసేదాన్ని అని గొప్పగా అంటున్నాను గానీ, రాసి, అది ఆగిపోతే ఎందుకు ఆగిందో తెలియక దాని ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కోవడమే ఎక్కువ.

మా నాయన నన్ను కొలువుకు పంపడానికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మందతో దూరం నడవలేకపోతున్నాడు. "బిడ్డా, నీ కొలువు గట్టిగ నిలవడితె నేను ఎట్లనో తిరుగుత. లేదు, ఇయ్యాల ఉంటది రేపు పోతది అన్నట్టయితె నువ్వే గొర్ల ఎంట రావాలె. ఇంకెవరున్నరు నాకు?" అన్నాడు. అందులో బెదిరింపేమీ లేదు, ఉన్న మాటే చెప్పాడు. సెంటర్ పరిస్థితి మాత్రం ఇయ్యాల ఉంటది రేపు పోతది అన్నట్టే ఉండేది. నేర్చుకునే పిల్లలు తగ్గారు. పెద్ద పని ఒక్కటైనా రాకపోతే సెంటర్ మూసేసి మళ్ళీ కోదాడ ఎరువుల దుకాణానికే పోతానని తొందర సారు తేల్చి చెప్పేశాడు. నాకు ఎరువుల దుకాణం కూడా లేదు, గొర్రెలే ఉన్నాయి. బీఎస్సీ చదివి గొర్రెలు కాయడం తప్పేమీ కాదు. కాకపోతే నాకు ఆ గదిలో కూర్చోవడం ఇష్టం. అంత ఇష్టమైనది అప్పటిదాకా నా బతుకులో ఇంకొకటి లేదు.

అలాంటి సమయంలో మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు సేటు కబురు పెట్టాడు. ఆయన మిల్లుకు వేములపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వడ్లు వచ్చేవి. కాంటా మీద తూకం వేసిన ప్రతి బండికీ ఒక చిట్టీ రాసేవాళ్ళు. ఒక్కో గుమస్తా రైతు పేరును ఒక్కో రకంగా రాసేవాడు. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ముద్దుపేరుతో, మరోచోట ఫలానావాళ్ళ అల్లుడిగా కనిపించేవాడు. అవన్నీ కంప్యూటర్‌లో వేసి, ఏ చిట్టీ ఏ రైతుదో పోల్చి, ఎవరు ఎన్ని బస్తాలు తెచ్చారో తేల్చాలి. ప్రతి పేరునూ మిగతా పేర్లన్నిటితో పోల్చి చూడాలి కాబట్టి మా పాత కంప్యూటర్ మీద ఆ పని మొదలుపెడితే మేము అన్నాలు తిని, ఒక కునుకు తీసి లేచినా అయ్యేది కాదు. తొందర సారు ఇది భరించలేకపోయాడు. హైదరాబాద్ వెళ్ళి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, రెండు ప్రాసెసర్లు పట్టే బోర్డున్న కంప్యూటర్ తెచ్చాడు. "చూడమ్మా, ఒక మనిషి చేసే పనిని ఇద్దరు చేస్తే సగం సేపే కదా? ఇదీ అంతే" అన్నాడు. అవును సార్ అన్నాను. లెక్కల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి. ఇద్దరు మనుషులు కలిసి పనిచేస్తే మధ్యలో ఎన్ని జరుగుతాయో ఆ లెక్కల పుస్తకాల్లో లేదు.

కంప్యూటర్ వచ్చింది, కుంకుమబొట్టు పెట్టాం, ప్రోగ్రాం నడిపించాం. పాత టైమే పట్టింది. తొందర సారు ముఖం మాడిపోయింది. నాలుగు రోజులు కుస్తీ పట్టాక తెలిసిందేమంటే, మేము దాంట్లో వేసిన ఆపరేటింగ్ సిస్టంకు రెండో ప్రాసెసర్‌ను గుర్తుపట్టే తెలివే లేదు. రెండోది లోపల ఊరికే కూర్చుని వెచ్చబడుతోంది. దాన్ని గుర్తుపట్టే ఇంకో సిస్టం సంపాదించి వేశాం. ఆ కొత్త సిస్టంలో ఒక ముచ్చటైన కిటికీ ఉండేది. ప్రాసెసర్ ఎంత పనిచేస్తుందో ఆకుపచ్చ గీతలతో చూపించేది, ఒక్కోదానికి ఒక్కో గడి. మళ్ళీ ప్రోగ్రాం నడిపాం. ఒక గడి పైదాకా పచ్చగా నిండింది, రెండోది ఎండిన చెరువులా ఉంది. టైము మాత్రం మారలేదు. "అదేంటమ్మా, ఒకటి చాకిరీ చేస్తుంటే రెండోది నెమరేస్తుందేంటి?" అని సారు లబోదిబోమన్నాడు. తప్పు దానిది కాదు. నా ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా ఒకటే వరసలో రాసిన పని. రెండో ప్రాసెసర్‌కు చెయ్యమని ఎవరూ ఏ పనీ చెప్పలేదు.

చెప్పడం ఎలాగో నేర్చుకున్నాను. హైదరాబాద్ నుంచి జిరాక్స్ తీయించి తెచ్చిన పుస్తకంలో థ్రెడ్లు అని ఒక అధ్యాయం ఉంది. ఒకే ప్రోగ్రాంను రెండు పాయలుగా విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో ప్రాసెసర్ మీద నడిపించే విద్య అది. రైతుల మొత్తాలన్నీ ఒకే పట్టికలో ఉంటాయి కాబట్టి రెండు పాయలూ ఒకేసారి దాంట్లో చెయ్యి పెడితే లెక్క చెడిపోతుంది. అందుకని పట్టికకు ఒక తాళం పెట్టాలని రాసి ఉంది. పెట్టాను. నేను అతి జాగ్రత్త మనిషిని (బస్సులో టికెట్‌ను రెండుసార్లు మడిచి రుమాలులో కట్టుకునే రకం), కాబట్టి ప్రతి చిన్న పోలికకూ తాళం తీసి, వేసి, తీసి, వేసి రాశాను. నడిపితే రెండు గడులూ పైదాకా పచ్చగా నిండిపోయాయి. తొందర సారు ఆనందం చూడాలి! కింద బట్టల దుకాణం వాళ్ళను కూడా పైకి పిలిచి చూపించాడు. నేను మాత్రం గోడ గడియారం వైపు చూస్తున్నాను. పాత ప్రోగ్రాం కంటే ఎక్కువసేపు పట్టింది.

"సార్, ఇంకా ఆలస్యమైంది" అన్నాను.

"ఎలా అవుద్దమ్మా? రెండూ పచ్చగా ఉన్నాయిగా!"

"గడియారం చూడండి సార్."

ఆయన గడియారం చూశాడు, గడులు చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు. తర్వాత స్టూలెక్కి గడియారాన్ని మేకు మీద నుంచి దించి, బ్యాటరీ అయిపోవచ్చినట్టుందని పక్కగదిలో పెట్టాడు. ప్రతిదానికీ ఎంతసేపని అడిగే మనిషి తన సెంటర్‌లో గడియారం లేకుండా చేయడం నేను చూడటం అదే మొదటిసారి. నేను కూడా గట్టిగా వాదించలేదు. ఎందుకు ఆలస్యమవుతుందో నాకే తెలియనప్పుడు ఏం వాదించను? పోనీ పాత ప్రోగ్రామే చూపిద్దామంటే, రెండో గడి ఖాళీగా ఉంటే సేటు ముందు తన పరువు పోతుందన్నాడు సారు.

ఇక సేటు సంగతి చెప్పాలి. ఆయనకు మా సెంటర్ ఒక్కటే దిక్కు కాదు. ఆయన భార్య తమ్ముడికి మిర్యాలగూడలోనే కంప్యూటర్ల దుకాణం ఉంది. ఊరంతా ఆయన్ని మిల్లు బామ్మర్ది అనేది, వరస ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా. ఆయన దగ్గర ఉన్నది ఒకటే ప్రాసెసర్ కంప్యూటర్. మాది తొందరంటే మాది తొందరని ఇద్దరూ సేటు చెవి కొరికేవాళ్ళు. సేటుకు ఒక వ్యసనం ఉండేది. ఏటా బండలాగుడు పోటీలకు బహుమతులు ఇచ్చేవాడు, సొంతంగా ఒంగోలు గిత్తలను పెంచేవాడు. (ఈ పోటీ చూడనివాళ్ళ కోసం ఒక మాట. పెద్ద రాతిబండకు జత ఎద్దులను కట్టి, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఒక జత తర్వాత ఒక జత. మైకులో యజమాని పేరు, ఊరు పేరు చదువుతారు. ఎద్దుల వయసును పళ్ళను బట్టి కట్టి, పాలపళ్ళవాటికి, రెండు పళ్ళవాటికి, ఆరు పళ్ళవాటికి విడివిడిగా పోటీలు పెడతారు.)

"మీ ఇద్దరి ముచ్చట ఒక్క తీరుగనే ఉన్నది. ఎద్దు మంచిదా కాదా అని నోటితోని చెప్తరా? కాడి కట్టి బండ లాగియ్యాలె. వచ్చే సోమవారం మిల్లుల పోటీ పెడుత. ఎవలది ముందట ఉంటె వాళ్ళకే పని" అని సేటు తీర్పు చెప్పాడు. మేము వేళాకోళమనుకున్నాం. కంప్యూటర్‌ను బొంతలో చుట్టి, బస్సులో దానికీ ఒక టికెట్ తీసి, మిర్యాలగూడలో దిగి మిల్లుకు వెళ్ళేసరికి అక్కడ షామియానా వేసి ఉంది. బండలాగుడు పోటీల కమిటీ పెద్దలు కండువాలతో కుర్చీల్లో కూర్చున్నారు. ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు మైకు పట్టుకుని ఉన్నాడు. వడ్ల బండ్లతో వచ్చిన వేములపల్లి రైతులు బస్తాల మీద ఎక్కి కూర్చుని, బీడీలు ముట్టించుకుని సిద్ధంగా ఉన్నారు. నిబంధనలు కూడా బండలాగుడువే. విజిల్ వేసినప్పటి నుంచి మళ్ళీ విజిల్ వేసేలోపు ఎన్ని చిట్టీలు పోల్చితే అంత దూరం లాగినట్టు. చిట్టీల లెక్క తెర మీద పెద్ద అంకెల్లో పడుతుండాలి. మధ్యలో యజమాని కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు.

కమిటీలో ఒక పెద్దాయన మా కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "దీనికెన్ని పండ్లు?" అని అడిగాడు. కొన్నది ఈ మధ్యనే అని చెప్పాను. "అయితె పాలపండ్లే, రాస్కోరి" అన్నాడు. బామ్మర్దిది కూడా కొత్తదే కాబట్టి రెండూ ఒకే విభాగంలో పడ్డాయి. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తొందర సారుకు ఆగలేదు. పోటీకి ముందే జనానికి తన సరుకు చూపించాలని ప్రోగ్రాం నడిపించి, ఆ రెండు పచ్చ గడుల కిటికీ తెరిచాడు. రెండూ పైదాకా నిండిపోయి ఊగుతున్నాయి. బస్తాల మీది జనం ఓహో అన్నారు. మిల్లు బామ్మర్ది ముఖం తెల్లబోయింది. ఆయన లేచి కమిటీ ముందు నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగుర్రి. వాళ్ళది జత, నాది ఒంటెద్దు. ఒంటెద్దు మీదికి జోడెడ్లను ఎట్ల తోలుతరు? గిదేం న్యాయం?"

కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది, ఎందుకంటే వాళ్ళెవరూ నవ్వడం లేదు. తొందర సారు రెండు చేతులూ పైకెత్తాడు. "అదేంటండీ! జతని తేవడమే కదండీ మా గొప్ప! మీ గిత్తకి బలం ఎక్కువుందని కాలు విరగ్గొట్టి తోలమంటారా?" అన్నాడు. ఆ మాటకు కమిటీ పెద్దలు కళ్ళెర్రజేశారు. గిత్త కాలు విరగ్గొట్టే మాట వాళ్ళ ముందు అనకూడదని కోదాడ మనిషికి తెలియకపోవడం ఆశ్చర్యమే. మైకు మాస్టారు లేచి, గొంతు సవరించుకుని, "కమిటీ వారి నిర్ణయం. సూర్యాపేట వారి కంప్యూటర్‌లో ఒకదానిని విప్పవలెను. ఒంటెద్దుకు ఒంటెద్దుతోనే పోటీ" అని చదివాడు. బస్తాల మీద చప్పట్లు. బామ్మర్ది కండువా దులుపుకుని కూర్చున్నాడు.

మేమేమీ చేయలేకపోయాం. స్క్రూలు విప్పి, రెండో ప్రాసెసర్‌ను బయటికి లాగాను. దొంగతనంగా మళ్ళీ పెట్టేస్తామని అనుమానమేమో, దాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టి, మీద ఎర్రగుడ్డ కప్పి కమిటీ బల్ల మీద ఉంచారు. తొందర సారు ఆ పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాడు, పిల్లవాడిని హాస్టల్లో వదిలేసి వస్తున్న తండ్రిలా. నా కళ్ళ ముందు నడిగూడెం బీళ్ళు కనిపించాయి. రెండింటితోనే నత్తనడక నడిచే ప్రోగ్రాం ఒక్కదానితో ఏం నడుస్తుంది? మందకు ఏ కుక్కను తీసుకుపోవాలో కూడా ఆలోచించేశాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో గట్టిగా ఏడుపొచ్చింది. పది ఊళ్ళ మగవాళ్ళ మధ్య ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను.

మొదట బామ్మర్ది వంతు. విజిల్ పడింది. అంకెలు కదిలాయి. మైకు మాస్టారు, "మిర్యాలగూడ వారి కంప్యూటర్ లాగుతున్నది, చక్కగా లాగుతున్నది" అంటూ చదువుతున్నాడు. జనంలో ఎవరో అలవాటు కొద్దీ "హేయ్, హేయ్!" అని అదిలించారు. మళ్ళీ విజిల్ పడేసరికి అంకె బాగానే పైకి వెళ్ళింది. మా వంతు వచ్చింది. మాస్టారు, "సూర్యాపేట వారి ఒంటెద్దు" అని చదివాడు. నేను మీట నొక్కి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి బస్తాల మీద గోల మొదలైంది. కళ్ళు తెరిచి చూస్తే మా అంకెలు పరుగెడుతున్నాయి! ఆ తాళాల ప్రోగ్రాం సెంటర్‌లో ఎన్నడూ అంత వేగంగా కదలలేదు. బామ్మర్ది గీత దాటి ఇంకా ముందుకు పోతున్నాయి. రెండో విజిల్ పడేసరికి మేము చాలా దూరం లాగేశాం. తొందర సారు నా వైపు తిరిగి, "ఏం చేశావమ్మా?" అని గుసగుసగా అడిగాడు. "ఏం చెయ్యలేదు సార్, ఒకటి తీసేశాను" అన్నాను.

గెలిచిన జత చేత జనం ముచ్చట కోసం ఇంకోసారి లాగించడం అక్కడి ఆనవాయితీ. ఆ మాట మైకులో వినపడగానే తొందర సారు ఒంట్లోకి పూనకం వచ్చింది. "ఒక్కదానితోనే ఇంత లాగింది కదండీ! ఇప్పుడు జతని కట్టి చూపిస్తాం, చూడండి మరి!" అని పళ్ళెం మీది ఎర్రగుడ్డ లాగేశాడు. నేను చొక్కా చెయ్యి పట్టుకుని, "వద్దు సార్" అన్నాను. ఆయన వినలేదు. రెండోదాన్ని పెట్టాం, విజిల్ వేశారు. పచ్చ గడులు రెండూ నిండిపోయి ఊగాయి, అంకెలు మాత్రం కాళ్ళకు బురద అంటుకున్నట్టు నడిచాయి. విజిల్ పడేసరికి బామ్మర్ది లాగినంత కూడా లాగలేదు. మైకు మాస్టారుకు ఏం చదవాలో తోచక, వడ్ల బండ్లు గేటుకు అడ్డంగా పెట్టవద్దని చదివాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే బావి దగ్గర, ఒకే బొక్కెనతో నీళ్ళు చేదుతున్నారనుకోండి. ఒక్కతే ఉంటే వంచిన నడుము ఎత్తకుండా చేదుకుంటూ పోతుంది. ఇద్దరుంటే ఒక చేద తర్వాత బొక్కెన ఇవ్వాలి, తీసుకోవాలి, నా వంతంటే నా వంతనాలి. ఇద్దరూ చెమటలు కక్కుతూనే ఉంటారు, కుండలు మాత్రం నిండవు. నేను ప్రతి పోలికకూ పెట్టిన తాళమే ఆ బొక్కెన. రెండు ప్రాసెసర్లూ తాళం కోసం ఒకదాని చేతిలోంచి ఒకటి లాక్కుంటున్నాయి, ఆ లాక్కోవడాన్నే ఆ కిటికీ పచ్చగా చూపిస్తోంది. వాటి పెనుగులాటనే మేము పనితనమని జనానికి చూపించి మురిసిపోయాం. ఇదంతా సేటుకు చెప్పాలనిపించింది గానీ, అప్పటికే బామ్మర్ది అందుకున్నాడు.

"సూసినవా బావా! నేనే గెలిచిన! వాళ్ళ జత నా ఒంటెద్దు ఎనక పడ్డది!"

సేటు మీసం దువ్వుకుంటూ కమిటీ వైపు చూశాడు. ఆ పెద్దాయన, పళ్ళు అడిగినాయన, కుర్చీలోంచి కదలకుండానే చెప్పాడు. "ఇదేమో ముచ్చటకు లాగింది, లెక్కల రాదు. లెక్కల వచ్చింది ఒంటెద్దుది. విప్పుమన్నది ఎవలు? నువ్వే. నువ్వు నోరు మూసుకోని కూసుంటె ఈ పని నీదే అయ్యేది." బస్తాల మీద ఒకటే నవ్వు. బామ్మర్ది లేచి తన కంప్యూటర్ తీగలు చుట్టుకోసాగాడు. సేటు నన్ను దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, పని నీకే ఇస్తున్న. గని ఒక్కటి. నాకు గా ఒంటెద్దే గావాలె. రెండోది మీరే తీస్కపోరి. జగడమాడే జతను నేను కొట్టంల కట్ట" అన్నాడు.

సూర్యాపేట బస్సులో తొందర సారు ఆ రెండో ప్రాసెసర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. గెలిచిన మనిషి అంత దిగులుగా ఉండటం అంతకు ముందు నేను చూడలేదు. దారిలో టైరు మార్చడానికి బస్సు ఆగితే, ఎంతసేపని కూడా అడగలేదు. ఇంటికి పోయి నాయనకు చెప్పాను, పోటీ గెలిచినం, కొలువు నిలబడ్డది అని. ఆయన సంతోషపడ్డాడు, మొత్తం కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. "ఎద్దును విప్పినంక గెలుసుడు నేనెన్నడు ఇనలే బిడ్డా" అని నవ్వాడు. తర్వాత మోకాళ్ళు రుద్దుకుంటూ, "మంచిగైంది. నేనే తిరుగుత తియ్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో సంతోషంతో పాటు ఇంకేదో ఉంది. నా కొలువు ఊడితే ఆయనకు కొంచెం విశ్రాంతి దొరికేది. అది ఇద్దరికీ తెలుసు.

కంప్యూటర్ మిల్లులోనే ఉండిపోయింది కాబట్టి, సేటు ఇచ్చిన డబ్బుతో సారు అలాంటి బోర్డున్నదే ఇంకొకటి, ఒక్క ప్రాసెసర్‌తో, సెంటర్‌కు కొన్నాడు. మిల్లు పని పూర్తి చేసి ఇచ్చాక, ఎవరూ అడగకపోయినా ఆ ప్రోగ్రాంను మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఈసారి చిట్టీలను రెండు వాటాలు చేసి, ఒక్కో పాయకు సొంత పట్టిక ఇచ్చాను. తాళం లేదు, లాక్కోవడం లేదు. చివరికి రెండు పట్టికలనూ ఒకేసారి కలపాలి, అంతే. ఒక మధ్యాహ్నం ఆ రెండో ప్రాసెసర్‌ను డబ్బాలోంచి తీసి, తుడిచి, ఈ కొత్తదాంట్లో జతగా పెట్టి నడిపించాను. పక్కగదిలోంచి గోడ గడియారం తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంచుమించు సగం సేపులో అయిపోయింది! ఒంటెద్దు లాగినదానికి సగం! హైదరాబాద్ పోయే ముందు తొందర సారు అన్న మాట చివరికి నిజమైంది. నేను కేక వేశాను. వరండాలో టీ తాగుతున్న సారు గ్లాసు కింద పెట్టి వచ్చేసరికి గడులు రెండూ మళ్ళీ ఖాళీ అయిపోయాయి.

"ఏమైందమ్మా? పనిచెయ్యట్లేదా?"

"అయిపోయింది సార్. సగం సేపులో."

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. "అబ్బే, పచ్చగా ఏం లేదే" అన్నాడు. మళ్ళీ నడిపి చూపిస్తానన్నాను. వద్దన్నాడు. ఆ రెండోదాని పేరెత్తితే తనకు మిర్యాలగూడ షామియానా గుర్తొస్తుందని చెప్పి టీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఊరుకోలేక సేటుకు ఫోన్ చేశాను. ఇప్పుడు జత కలిసి లాగుతోంది, ఊరికే పెట్టించుకోండి, మీ పని ఇంకా తొందరగా అవుతుందన్నాను. ఆయన ప్రేమగానే విన్నాడు. "గెలిచిన ఎద్దును ఎవలన్న మారుస్తరా బిడ్డా? మస్తు నడుస్తున్నది. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆ మిల్లులో నేను రాసిన అతి చెత్త ప్రోగ్రామే ఏళ్ళ తరబడి నడిచింది. నాకు కొలువు నిలబెట్టిందీ, ప్రోగ్రామర్ అన్న పేరు తెచ్చిందీ, తర్వాత హైదరాబాద్ పంపిందీ అదే. కొత్త కొలువుకు అడిగినప్పుడల్లా మిర్యాలగూడలో పోటీ గెలిచిన సంగతే చెప్పుకున్నాను, అందరూ మెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం నడిచిన రెండో ప్రోగ్రాంను మాత్రం నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎన్నో పెద్ద యంత్రాల మీద పనిచేశాను, ఎందరో నా పనిని కొలిచారు, కాగితాల మీద నాకు మంచి అంకెలే వేశారు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. సారు వరండాలోకి వెళ్ళిపోయాక, గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ గదిలో ఆ ప్రోగ్రాంను మళ్ళీ నడిపించి, మళ్ళీ నడిపించి, అయిపోయినప్పుడల్లా మెల్లగా చప్పట్లు కొట్టుకున్న నడిగూడెం పిల్ల. ఎంత పొంగిపోయిందని! చూసేవాళ్ళు ఒక్కరైనా లేరన్న సంగతే దానికి తట్టలేదు.